మెనూ సర్దడం అవసరమా, సెర్చ్ చాలదా?

కొత్తచిలుక: నాన్నగారి లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్), మెనూ, ప్యానెల్ చూపించేది ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్. మెనూ నిండా ఆయన ముట్టని ఐకాన్లే. యూఎస్‌ఆర్/షేర్/అప్లికేషన్స్‌లో ఉన్న డెస్క్‌టాప్ ఫైళ్లను (ఒక్కో ప్రోగ్రామ్ మెనూలో ఎలా కనిపించాలో చెప్పేవి) సుడోతో, అంటే అడ్మిన్ హక్కుతో, మార్చి కొన్నిటిని దాచాను. నిన్న అప్‌డేట్ అయ్యాక రెండు మూడు మళ్లీ మొలిచాయి. ఎందుకిలా?

పాతమౌస్: ఆ ఫోల్డర్ ప్యాకేజీలది, అంటే ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్‌లు తమ ఫైళ్లు పెట్టుకునేది. అప్‌డేట్ వస్తే మీ మార్పు తుడుచుకుపోతుంది. దాచాలనుకున్న ఫైల్‌ను అదే పేరుతో హోమ్‌లోని డాట్‌లోకల్/షేర్/అప్లికేషన్స్‌కి కాపీ చేసి, అందులో నోడిస్‌ప్లే=ట్రూ అని ఒక వరుస చేర్చండి. రెండు చోట్లా ఉంటే హోమ్‌లోదే చెల్లుతుంది. చేత్తో రాయడం బద్ధకమైతే మెనూలిబ్రే అనే ప్రోగ్రామ్ ఇదే పని చేసిపెడుతుంది.

వెతుకులాట: అసలు ఇంత తంటా ఎందుకు? మెనూ తెరిచి రెండక్షరాలు కొడితే వచ్చేస్తుంది. గ్నోమ్ అనే ఇంకో లినక్స్ డెస్క్‌టాప్ వాళ్లు 2011లో మూడో వెర్షన్‌తోనే పాత మెనూని పక్కన పెట్టేశారు.

పాతమౌస్: పేరు తెలిస్తే కదా కొట్టడానికి! ఫైల్ మేనేజర్ పేరు థునార్ అని ఎవరికి తడుతుంది?

వెతుకులాట: ఫైల్ అని కొట్టండి, అదే వస్తుంది. డెస్క్‌టాప్ ఫైల్లో కీవర్డ్స్ అనే వరుస ఉన్నది అందుకే.

సెమికోలన్: నోడిస్‌ప్లే కాదండీ, హిడెన్=ట్రూ పెట్టాలి.

పాతమౌస్: వద్దు. లినక్స్ డెస్క్‌టాప్‌ల ఉమ్మడి నియమాలైన ఫ్రీడెస్క్‌టాప్ స్పెసిఫికేషన్ ప్రకారం హిడెన్ అంటే ఆ ఫైల్ లేనట్టే లెక్క. నోడిస్‌ప్లే అయితే మెనూలో మాత్రమే కనిపించదు, డబుల్ క్లిక్ చేసిన ఫైళ్లు ఆ ప్రోగ్రామ్‌లో ఎప్పటిలాగే తెరుచుకుంటాయి.

సెమికోలన్: మూడేళ్లుగా హిడెనే వాడుతున్నా. నాకేమీ కాలేదు.

పాతమౌస్: దాచినవాటితో మీకు పని పడలేదన్నమాట.

వెతుకులాట: ఈ కాపీ పద్ధతితో నేను పడ్డ బాధ చెప్తాను. ఆఫీసులో మా సీనియర్ ఒకాయన మెనూ అంతా "సర్ది" నాకు మెషీన్ ఇచ్చాడు. కొన్నాళ్లకి ఒక ప్రోగ్రామ్ కొత్త వెర్షన్‌లో దాన్ని నడిపే కమాండ్ పేరు మారింది. హోమ్‌లోని కాపీలో ఏ కమాండ్ నడపాలో చెప్పే ఎగ్జెక్ వరుస మాత్రం పాతదే. ఐకాన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మూడుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, హోమ్‌లో కాపీ ఉందని నాకేం తెలుసు? చూద్దామంటే కమాండ్లు కొట్టే టెర్మినల్ కూడా దాచేశాడు. అడిగితే "నీకెందుకులే" అన్నాడు.

పాతమౌస్: అది ఆయన తప్పు, పద్ధతిది కాదు. కాపీ చేసినవాళ్లే అప్పుడప్పుడూ చూసుకోవాలి.

వెతుకులాట: మీకు ఎగ్జెక్ ఒక్కటే కనిపించింది! ఒకరి మెనూలో ఏముండాలో ఇంకొకరు తేల్చడమేంటి? కొత్తచిలుక గారూ, మీ నాన్నగారు అడిగారా?

పాతమౌస్: మా అమ్మకి చూపు తగ్గింది. ఐదే ఐకాన్లు ఉంచాను, హాయిగా వాడుకుంటోంది. మీ సీనియర్ మీది కోపం మా మీద చూపించకండి.

వెతుకులాట: ఆ ఐదు ఎవరు ఎంచారు?

పాతమౌస్: ఆవిడే. పక్కన కూర్చోబెట్టుకుని చేశాను.

వెతుకులాట: అయితే మీతో నాకు గొడవే లేదు. ఆ మాట మొదటే చెప్పాల్సింది.

పాతమౌస్: మొదట ఎవరడిగారు? మీరు సెర్చ్ సెర్చ్ అంటూ కూర్చున్నారు.

గాలిపటం: ఫ్లాట్‌ప్యాక్ అనే వేరే పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్‌ల డెస్క్‌టాప్ ఫైళ్లు యూఎస్‌ఆర్‌లో దొరకవు. వార్/లిబ్/ఫ్లాట్‌ప్యాక్/ఎక్స్‌పోర్ట్స్ కింద వెతకండి.

కొత్తచిలుక: నాన్నగారిని ఇప్పుడే అడిగాను. నేను మొట్టమొదట దాచింది ఆయన రోజూ ఆడే పేకాటనట. నిన్న అప్‌డేట్‌తో తిరిగొచ్చేసరికి, దాన్ని నేనే బాగుచేశాననుకున్నారు.