తామర తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది, ఏం చేయాలి?

చెరువుగట్టు:
మాది ముమ్మిడివరం దగ్గరండి. రొయ్యల చెరువు మీద పని. గజ్జల్లో, నడుము చుట్టూ తామర. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రాసినన్నాళ్లు దురద ఉండదు, మానేస్తే ఇంకా వెడల్పుగా వస్తోంది. ఇప్పుడు మా ఆవిడకీ మొదలైంది. అమ్మేమో వేడి చేసింది, సబ్జా నీళ్లు తాగమంటోంది.

కొబ్బరాకు:
వెల్లుల్లి నూరి పట్టించండి. మా తాత అదే చేసేవాడు.

మందులచీటీ:
అయ్యబాబోయ్, వెల్లుల్లి వద్దండి! అది పట్టించి గజ్జల్లో బొబ్బలెక్కి వచ్చినవాళ్లను చూశాను. నేను ఫార్మసిస్టుని, సార్వా నాట్లప్పుడు మా కౌంటర్లో సగం బేరం తామరదే.

మీ ట్యూబు వెనక సన్నక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్ అని ఉంటే అవి స్టెరాయిడ్లు. దురద, ఎరుపు అణుస్తాయి గానీ తామర తెచ్చే ఫంగస్‌ని చంపవు. పైకి తగ్గినట్టుంటుంది, అది మాత్రం పాకుతూనే ఉంటుంది. గజ్జల్లో ఎక్కువకాలం రాస్తే చర్మం పల్చబడి చారలు పడతాయి, అవి పోవు.

స్టెరాయిడ్ కలవని క్లోట్రిమజోల్ అనే ఫంగస్ మందు రోజుకి రెండుసార్లు, మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల మేర రాయాలి. మచ్చ పోయాక కూడా 2 వారాలు. జనం ఆపేసేది సరిగ్గా ఇక్కడే.

చెరువులోంచి రాగానే తడి నిక్కరు మార్చి, ఒళ్లు పొడిగా తుడుచుకోండి. తువ్వాళ్లు ఎవరివి వాళ్లవే. ముసురుకి దండెం మీద బట్టలు ఆరకపోతే లోపలివాటికి ఇస్త్రీ పెట్టండి, నడుం పట్టీ దగ్గర ఇంకోసారి. సబ్జా నీళ్లు తాగండి, చలవే, తామరకి మాత్రం పనిచేయవు.

నడుము దాకా పాకింది కాబట్టి పూత ఒక్కటే చాలకపోవచ్చు. ఇద్దరూ ఒకేసారి చర్మం డాక్టరుకి చూపించుకోండి, లేకపోతే ఒకరిది ఒకరికి అంటుకుంటూనే ఉంటుంది. కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో చర్మవ్యాధుల విభాగం ఉంది, మీకు యానాం మీదుగా దారే. షుగర్ కూడా ఒకసారి చూపించుకోండి.

చెరువుగట్టు:
క్లోబెటాసోల్ అనే ఉందండి. ఇద్దరం వెళ్తాం. మా ఆవిడకి నెల తప్పింది, ఆమెకి ఫర్వాలేదా?

మందులచీటీ:
ఆ మాట ముందు చెప్పాలి కదండీ! క్లోట్రిమజోల్ పూత గర్భిణులకీ మామూలుగా రాస్తారు, అయినా డాక్టరుకి చెప్పాకే మొదలుపెట్టండి. మీకు మాత్రలు రాస్తే అవి మీకే. అదే చీటీ మీద ఆమెకి కొనకండి.