మశూచి కాలంలో ఓడరేవుల 14 రోజుల నియమం వెనుక కారణం ఏమిటి?

ప్రశ్న:
ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో ఆమోదించిన అంతర్జాతీయ పారిశుద్ధ్య నిబంధనలను చదువుతున్నాను. మశూచి టీకా ధ్రువపత్రం చూపలేని ప్రయాణికుడు టీకా వేయించుకోవడానికి కూడా నిరాకరిస్తే, అతన్ని 14 రోజులకు మించకుండా పర్యవేక్షణలో ఉంచవచ్చని అందులో ఉంది. ఆ రోజులను రేవు చేరిన నాటి నుంచి కాక, చివరి దేశం విడిచిన నాటి నుంచి లెక్కించడం ఎందుకు? మొదటిసారి టీకా వేయించుకున్నవారి పత్రం 8 రోజుల తర్వాతే చెల్లడానికి కారణమేమిటి?

జవాబు 1:
వైరస్ సోకిన తర్వాత జ్వరం రావడానికి సాధారణంగా 10 నుంచి 14 రోజులు పడుతుంది కనుక, సముద్రం మీద గడిచిన రోజులు కూడా ఆ గడువులో భాగమే. తెరచాప ఓడల కాలంలో ప్రయాణం నెలల తరబడి సాగడం వల్ల, వ్యాధి ఓడలోనే బయటపడి, సోకవలసిన వారందరికీ సోకి, చాలాసార్లు రేవు చేరేలోపే ముగిసిపోయేది. ఆవిరి ఓడలు, ఆ తర్వాత విమానాలు వచ్చాక, పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషి రోగాన్ని వెంటబెట్టుకొని దిగడం సాధ్యమైంది. క్వారంటైన్ చరిత్రలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం.

జవాబు 2:
రెండో ప్రశ్నకు: మొదటి టీకా పట్టిందో లేదో, వేసిన చోట పొక్కు లేచిందా అని వారం తర్వాత చూస్తేనే తెలుస్తుంది. మళ్లీ టీకా వేయించుకున్నవారి పత్రం మాత్రం వేసిన రోజు నుంచే చెల్లేది. రెండు రకాల పత్రాలకూ గడువు మూడేళ్లు. రోగితో కలిసిన మూడు నాలుగు రోజుల్లోపు టీకా వేస్తే వ్యాధిని ఆపడమో, దాని తీవ్రతను తగ్గించడమో సాధ్యమయ్యేది. అందువల్లే ప్రయాణికులందరినీ రేవులో నిర్బంధించకుండా, టీకా వేసి, చిరునామా తీసుకొని, గమ్యస్థానంలోని ఆరోగ్యాధికారికి అప్పగించే పద్ధతికి చోటు దొరికింది. మనుషుల స్వేచ్ఛను అనవసరంగా హరించని ఈ పద్ధతే మెరుగైనదని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న అడిగినవారు:
వివరణకు కృతజ్ఞతలు. మరి ధ్రువపత్రాన్ని పూర్తిగా నమ్మవచ్చునా?

జవాబు 3:
నమ్మలేము. టీకా పట్టిందో లేదో చూడకుండా ఇచ్చిన పత్రాలూ, నకిలీ పత్రాలూ ఉండేవి. తనిఖీ కళ్లకు కనపడని స్వల్ప లక్షణాల కేసులు ఇంకా ప్రమాదకరం. 1972లో ఇరాక్ మీదుగా యుగోస్లావియాకు తిరిగి వచ్చిన ఒక యాత్రికుడి జబ్బు స్వల్పంగా ఉండి గుర్తింపునకు రాలేదు. దాంతో 175 మందికి వ్యాధి సోకగా 35 మంది మరణించారు, దాదాపు 1.8 కోట్ల మందికి టీకాలు వేయవలసి వచ్చింది. అక్కడ వ్యాధిని అణచింది సరిహద్దులోని తనిఖీ కాదు. రోగులను, వారితో కలిసినవారిని వెతికి పట్టుకొని వేరుచేయడం, విస్తృతంగా టీకాలు వేయడం.