నర్సింగ్‌లో చేరుతున్నాను, రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. నెగ్గుకురాగలనా?

అందరికీ నమస్తే. నర్సింగ్‌లో సీటు వచ్చింది, క్లాసులు ఇంకా మొదలు కాలేదు, టెన్షన్ మాత్రం మొదలైంది. కాలేజీ వాళ్లిచ్చిన కాగితంలో శారీరకంగా, మానసికంగా ఫిట్‌గా ఉండాలి, అందరితో కలుపుగోలుగా ఉండాలి అని ఒక్క ముక్కలో రాసేశారు, అదంటే ఏమిటో ఎవరూ చెప్పరు. నేను సన్నగా ఉంటాను, బరువులు ఎత్తలేను, కళ్లద్దాలున్నాయి, కొత్తవాళ్ల ముందు నోరు పెగలదు, పైగా రక్తం గొడవ ఒకటి. ఉన్నదున్నట్టు చెప్పండి, ఇప్పుడే మానుకోవడం మంచిదా?

జవాబు 1 (స్టాఫ్ నర్స్)
కళ్లద్దాల సంగతి వదిలేయండి. అవి పెట్టుకుని ఇన్సులిన్ సిరంజి మీద గీతలు చదవగలిగితే చాలు. రంగులు సరిగ్గా తెలుస్తున్నాయో లేదో మాత్రం ఒకసారి టెస్ట్ చేయించుకోండి, పెదవులు నీలంగా మారడం, కళ్లు పచ్చబడటం మనం కంటితోనే పట్టుకోవాలి.

పేషెంటును ఒక్కరే ఎత్తడం మా దగ్గర గొప్ప కాదు, తప్పు. మంచాన్ని నడుము ఎత్తుకు పెంచి, ఇద్దరు అటూ ఇటూ నిలబడి, పేషెంటు కింద ఉన్న షీటును ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, ఒకరు ఒకటీ రెండూ మూడు అంటే ఇద్దరూ కలిసి జరుపుతాం. వంగాల్సింది మోకాళ్లు, నడుము కాదు. కండ ఉంది కదా అని ఒక్కరే లాగేసేవాళ్ల నడుమే ముందు పోతుంది. నిజంగా మనకు ఆయాసం తెప్పించేది సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కడం. పెద్దవాళ్లకైతే ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, అందుకే 2 నిమిషాలకోసారి మనిషి మారతారు. మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వేస్తే సన్నగా ఉన్నవాళ్లూ చేయగలరు, కాకపోతే అలిసిపోతే వెంటనే చెప్పాలి.

జవాబు 2 (మూడో సంవత్సరం)
రక్తం చూసి పడిపోవడం పిరికితనం కాదండీ. బీపీ, గుండె వేగం ఒక్కసారిగా తగ్గి మెదడుకు రక్తం చాలదు. చెమట, వికారం, చెవుల్లో హోరు ముందే వస్తాయి. అప్పుడే తొడలు, పిక్కలు, పిడికిళ్లు గట్టిగా బిగించి కొన్ని సెకన్లు ఉంచి వదలండి, మళ్లీ బిగించండి, బీపీ కాస్త పైకొస్తుంది. అయినా తగ్గకపోతే మొహమాటపడకుండా కింద కూర్చోండి, లేదంటే స్టెరైల్ ట్రే (క్రిములు లేకుండా చేసిన పరికరాలుండే పళ్లెం) మీద పడతారు (మా బ్యాచ్‌లో జరిగింది). ఖాళీ కడుపుతో డ్యూటీకి అసలు వెళ్లొద్దు. చాలామందికి చూడగా చూడగా అలవాటవుతుంది, అవకపోతే డాక్టర్‌కు చూపించుకోండి.

జవాబు 3
మరీ ధైర్యం నూరిపోస్తున్నారు అందరూ. నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు నిద్రపట్టక పడే అవస్థ గురించి ఎవరూ చెప్పలేదేం? బంధువులు కోపమంతా మన మీద చూపిస్తారు, నిన్నటిదాకా మాట్లాడిన పేషెంటు పోతారు, పక్క బెడ్‌కు అదే గంటలో మందులివ్వాలి. దీనికి కండలూ కళ్లద్దాలూ అక్కర్లేదు, ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడే అలవాటుండాలి. అన్నీ లోపల దాచుకునే రకమైతే ఆలోచించుకోండి.

జవాబు 4 (టీచింగ్‌లో ఉన్నాను)
అమ్మా, నువ్వు రాసినవాటిలో నాకు భయం వేసింది ఒక్కదానికే, నోరు పెగలకపోవడం. చీటీలో ఒక మందు, సీసా మీద ఇంకో పేరు, పక్కన సీనియర్ తొందరపెడుతుంటారు. "ఆగండి, ఇది కలవడం లేదు" అనలేకపోతే ఎంత చదివినా లాభం లేదు. అందరితో కబుర్లు చెప్పక్కర్లేదు, ఈ ఒక్క వాక్యం గట్టిగా అనడం ప్రాక్టీస్ చేయి. ఫోన్‌లో చెప్పిన ఆర్డర్ రాసుకుని తిరిగి చదివి వినిపించడం కూడా ఇప్పటినుంచే అలవాటు చేసుకో. లెక్కలు ఎలా ఉన్నాయి? 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో వెళ్లాలి, సెట్ (సెలైన్ ఎక్కించే గొట్టం) మిల్లీలీటరుకు 20 చుక్కలది. నిమిషానికి ఎన్ని?

అడిగినవారు
అందరికీ థాంక్స్, చేరుతున్నాను. మేడమ్, 10,000 చుక్కలు, 240 నిమిషాలు, 41.67 వచ్చింది. చుక్కలో ముక్కలుండవు కదా, 42 పెట్టాలా?

జవాబు 4
42. వాచీ పట్టుకుని పూర్తి నిమిషం లెక్కపెట్టు. పేషెంటు చెయ్యి మడిస్తే వేగం మారిపోతుంది, మధ్యమధ్యలో వచ్చి మళ్లీ లెక్కపెట్టు.