ఓఎస్ ఎక్కించే ముందే కార్డులో రెయిడ్ కట్టాలా, లైనక్స్‌కే వదిలేయాలా?

మిర్చియార్డు అడ్మిన్
నమస్తే అండీ. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి కొత్త సర్వర్ వచ్చింది. రెయిడ్ కార్డు (డిస్కుల్ని కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా చూసేది), రెండు 480 జీబీ ఎస్‌ఎస్‌డీలు, నాలుగు 4 టీబీ డిస్కులు, నాలుగు నెట్‌వర్క్ పోర్టులు. ఉబుంటు సర్వర్ వేసి, బస్తాల లెక్కలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెట్టాలి. అమ్మినవాళ్లు నాలుగు డిస్కులూ కార్డులోనే రెయిడ్ 5 (ఒక్క డిస్కు పోతే తట్టుకునే పద్ధతి) కట్టి ఇస్తామంటున్నారు. 12 టీబీ వస్తుందని ఓనరు గారు సరేనన్నారు. నా స్నేహితుడేమో కార్డును హెచ్‌బీఏ మోడ్‌లో (డిస్కుల్ని కలపకుండా నేరుగా ఓఎస్‌కి చూపించేలా) పెట్టి లైనక్స్‌లోనే కట్టుకోమంటాడు. ఐపీ ఇన్‌స్టాలర్‌లోనే ఇవ్వాలా, తర్వాతా? ఫిబ్రవరిలో సరుకు దిగడం మొదలైతే సర్వర్ ఆపనివ్వరు. ఇప్పుడే తేల్చుకోవాలి.

గవర్నర్‌పేట సర్వీస్
కార్డులోనే కట్టండి. చిన్న ఆఫీసుల సర్వర్లు పదిహేనేళ్లుగా చూస్తున్నాను. డిస్కు పోతే నారింజ లైటు వెలుగుతుంది. అక్కడున్న గుమస్తాకి ఫోన్లో చెబితే ఆ డిస్కు లాగి కొత్తది తోస్తాడు, రీబిల్డ్ (కొత్త డిస్కులో డేటా మళ్లీ నింపడం) దానంతటదే మొదలవుతుంది. లైనక్స్ రెయిడ్‌లో ఎవరో ఒకరు లాగిన్ అయి, కొత్త డిస్కుకి పార్టిషన్లు వేసి, అరేలో (రెయిడ్ డిస్కుల గుంపులో) చేర్చాలి. మీరు ఊళ్లో లేకపోతే ఆ పని ఆగిపోతుంది. పైగా కార్డు క్యాష్‌కి బ్యాటరీ ఉంటే రైట్‌బ్యాక్ (డేటా క్యాష్‌లోకి రాగానే రాసేసినట్టు చెప్పడం) ధైర్యంగా పెట్టుకోవచ్చు. కరెంటు పోయినా, ఇంకా డిస్కుకి చేరని డేటా కార్డులో భద్రంగా ఉంటుంది. బ్యాటరీ లేని కార్డయితే మాత్రం రైట్‌త్రూలోనే (డిస్కుకి చేరాకే రాసినట్టు చెప్పడం) ఉంచండి.

రెయిడ్ 5 వద్దు. నాలుగు డిస్కులు రెయిడ్ 10 (జంటలుగా నకళ్లు), ఎస్‌ఎస్‌డీలు రెండూ రెయిడ్ 1 (ఒకదానికొకటి నకలు).

కొత్తపేట నైట్‌షిఫ్ట్
గవర్నర్‌పేట గారు డిస్కు పోవడం గురించి చెప్పారు. నేను కార్డు పోవడం గురించి చెబుతాను.

నేను చూసే ఒక ఆసుపత్రిలో రెండేళ్ల కిందట కార్డు కాలిపోయింది. ఆరు డిస్కులూ బాగానే ఉన్నాయి, లోపలున్నది చదివే దారే లేదు. ఎందుకంటే అరే వివరాలు కార్డు తన పద్ధతిలో డిస్కుల మీద రాసుకుంటుంది. మామూలుగా అదే కుటుంబం కార్డు పెడితేనే దాన్ని గుర్తుపట్టి 'ఫారిన్ కాన్ఫిగరేషన్' అని చూపిస్తుంది. హైదరాబాద్ నుంచి కార్డు రావడానికి మూడు రోజులు పట్టింది. అన్నాళ్లూ ల్యాబ్ అమ్మాయిలు రిపోర్టులు చేత్తో రాశారు. రాత్రి రెండింటికి కొత్త కార్డు బిగించి మెనూ తెరిస్తే 'ఇంపోర్ట్', 'క్లియర్' ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రెండోది నొక్కితే అరే వివరాలు చెరిగిపోతాయి. యారో కీ మీద వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు.

ఎమ్‌డీ రెయిడ్ (లైనక్స్ సొంత రెయిడ్) అయితే డిస్కులు తీసి ఏ లైనక్స్ మెషీన్‌కి తగిలించినా అరే లేస్తుంది. అప్పట్నుంచి నేను కట్టేవన్నీ అలాగే కడుతున్నాను.

రెయిడ్ 5 వద్దన్న మాటకి మాత్రం నేనూ ఓటేస్తాను. 4 టీబీ డిస్కు సెకనుకి 150 ఎంబీ చొప్పున నింపినా ఏడున్నర గంటలు. పక్కన డేటాబేస్ నడుస్తుంటే ఇంకా ఎక్కువ. ఆ సేపంతా మిగిలిన మూడు డిస్కుల్లో ఏదీ పోకూడదు.

గవర్నర్‌పేట సర్వీస్
మీ బాధ అర్థమైంది తమ్ముడూ. కానీ ఇన్నేళ్లలో కార్డులు పోవడం రెండుసార్లే చూశాను, డిస్కులకైతే లెక్కే లేదు. ఇంకో సంగతి: కార్డు రెయిడ్ 1ని ఓఎస్‌కి ఒకే డిస్కుగా చూపిస్తుంది కాబట్టి బూట్ పార్టిషన్ కూడా రెండు చోట్లా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్ (మెషీన్ లేవడానికి కావలసిన బూట్ ఫైళ్లుండేది) మొదటి డిస్కులోనే ఉండిపోయిన సర్వర్లు నా దగ్గరికి రిపేరుకి వచ్చాయి. మొదటి డిస్కు పోతే డేటా ఉంటుంది, మెషీన్ లేవదు.

కొత్తపేట నైట్‌షిఫ్ట్
అది నిజం. ఈఎఫ్ఐ పార్టిషన్ రెండింటిలోనూ పెట్టి, ఒక్కో ఎస్‌ఎస్‌డీ లాగి బూట్ చేసి చూడాలి. ఆ పరీక్ష ఖాళీ సర్వర్ మీదే చేయగలం, ఫిబ్రవరిలో కుదరదు.

బెజవాడ కేబులింగ్
మీరిద్దరూ డిస్కుల దగ్గరే ఉన్నారు. నేనైతే ముందు బీఎమ్‌సీ పోర్టుకి (ఓఎస్ లేవకపోయినా దూరం నుంచి సర్వర్‌ని చూసుకునే పోర్టుకి) ఐపీ ఇస్తాను. ఒకసారి అది పెట్టకుండా ఓఎస్ వేసి వచ్చేశాను. వారానికి మా కస్టమర్ ఇంకో నెట్‌వర్క్ కార్డు తగిలించారు. పీసీఐ వరస జరిగి పోర్టు పేరు ఈఎన్‌పీ3 కాస్తా ఈఎన్‌పీ4 అయింది, కాన్ఫిగ్‌లో పాత పేరే ఉంది. రాత్రి పదకొండున్నరకి బెజవాడ నుంచి మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్లి ఒక్క లైను మార్చి వచ్చాను. ఇప్పుడు నెట్‌ప్లాన్‌లో (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగుల్లో) పోర్టును పేరుతో కాకుండా మ్యాక్ అడ్రస్‌తో (పోర్టుకి పుట్టుకతో ఉండే నంబరుతో) పట్టిస్తున్నాను.

బాండింగ్ (కొన్ని పోర్టుల్ని కలిపి ఒకటిగా వాడటం) కావాలంటే ఇన్‌స్టాల్ అయ్యేదాకా స్విచ్ వైపు ఎల్‌ఏసీపీ (బాండింగ్ కోసం రెండు వైపులా మాట్లాడుకునే పద్ధతి) పెట్టకండి. అవతల సర్వర్ ఎల్‌ఏసీపీ మాట్లాడకపోతే చాలా స్విచ్‌లు ఆ పోర్టుల్ని పనిచేయనివ్వవు. ఇన్‌స్టాలర్‌లో ఒక్క పోర్టు, మామూలు ఐపీ చాలు. మిగతాది తర్వాత 'నెట్‌ప్లాన్ ట్రై' తో చేసుకోండి. మీరు ఒప్పుకోకపోతే 120 సెకన్లలో పాతదానికి వెళ్లిపోతుంది. బాండింగ్ సెట్టింగుల్ని మాత్రం అది వెనక్కి తిప్పలేదు.

ఐపీని డీహెచ్‌సీపీ పూల్ (రౌటర్ తనంతట తాను పంచే ఐపీల వరస) బయట తీసుకుని సర్వర్‌లోనే రాయండి. రౌటర్‌లో రిజర్వేషన్ పెడితే, నెట్ వాళ్లు రౌటర్ మార్చిన రోజు అది పోతుంది.

మిర్చియార్డు అడ్మిన్
అందరికీ కృతజ్ఞతలు. ఓనరు గారికి 12 బదులు 8 టీబీ ఎందుకో ఏడున్నర గంటల లెక్క వేసి చూపించాను, ఒప్పుకున్నారు. కార్డు తెరిచి చూస్తే క్యాష్ బ్యాటరీ అసలు లేదు. అందుకని హెచ్‌బీఏ మోడ్, లైనక్స్ రెయిడ్ 10. గవర్నర్‌పేట గారు నొచ్చుకోకండి, బ్యాటరీ ఉంటే మీ మాటే వినేవాణ్ని. శనివారం రాత్రి ఎస్‌ఎస్‌డీ లాగి చూస్తాను.

గవర్నర్‌పేట సర్వీస్
నొచ్చుకోవడమెందుకండీ, బ్యాటరీ లేకపోతే నేనైనా అదే చేస్తాను. యూపీఎస్ మాత్రం తప్పకుండా పెట్టండి, సర్వర్‌ని నేల మీద ఉంచకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు మా కస్టమర్ సర్వర్ టేబుల్ కిందే ఉంది. రెయిడ్‌లోని డిస్కులన్నీ కలిసే మునిగాయి. బ్యాకప్ గుంటూరులో ఉండబట్టి లెక్కలు దొరికాయి.

కొత్తపేట నైట్‌షిఫ్ట్
లాగే ముందు ఆరు డిస్కుల సీరియల్ నంబర్లూ, ఏది ఏ స్లాట్‌లో ఉందో ఫోటో తీసి, ఒక కాపీ సర్వర్ తలుపుకి లోపలివైపు అంటించండి.