చాట్స్‌వర్త్ భవనం కావెండిష్ వంశం చేతుల్లో ఎలా నిలిచింది?

ప్రశ్న:
ఇంగ్లండులో డెర్బీషైర్ ప్రాంతంలో ఉన్న చాట్స్‌వర్త్ భవనం డెవన్‌షైర్ డ్యూకుల వంశానికి నిలయమని చదివాను. రెండో ప్రపంచయుద్ధం తరువాత అక్కడి జమీందారీ భవనాలు ఎన్నో పన్నుల భారం మోయలేక నేలమట్టమయ్యాయి కదా, అంత పెద్ద భవనం మాత్రం ఎలా మిగిలింది? ఇప్పుడు దాని యజమాని ఎవరు?

మొదటి సమాధానం:
ఈ ఎస్టేటును 1549లో సర్ విలియం కావెండిష్ 600 పౌండ్లకు కొన్నారు. ఎనిమిదవ హెన్రీ కాలంలో క్రైస్తవ మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకునే పనిలో ఎదిగిన అధికారి ఆయన. అయితే కొనుగోలుకు పట్టుబట్టిందీ, 1552లో ఇల్లు మొదలుపెట్టించిందీ ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగిన ఆయన భార్య బెస్. నేడు మనం చూసే భవనం చాలావరకు ఆమె కట్టించినది కాదు. వారి వంశంలోనే డెవన్‌షైర్ నాలుగవ ఎర్ల్ (డ్యూక్ కంటే తక్కువ స్థాయి బిరుదు) 1687లో దక్షిణ భాగాన్ని మాత్రమే మార్చాలని మొదలుపెట్టి, ఒక్కొక్క వైపే పడగొట్టి కట్టిస్తూ 1707లో మరణించేదాకా ఆ పని సాగించారు. తరువాత ఇంగ్లండుకు రాజైన ఆరెంజ్ యువరాజు విలియంను అక్కడికి ఆహ్వానిస్తూ 1688లో లేఖ పంపిన ఏడుగురిలో ఆయన ఒకరు. 1694లో ఆయనకు డ్యూక్ పదవి దక్కింది.

రెండవ సమాధానం:
అసలు గండం 1950లో వచ్చింది. పదవ డ్యూక్ పెద్దకొడుకు, కెనెడీల ఆడపడుచు కాథ్లీన్‌ను పెళ్లాడిన కొద్ది నెలలకే, 1944లో యుద్ధంలో మరణించాడు. దాంతో వారసత్వం రెండవ కొడుకు ఆండ్రూకు వచ్చింది. తండ్రి ఆస్తిని ముందుగానే బదిలీ చేసినా, వారసత్వ పన్ను తప్పాలంటే ఆయన ఆ తరువాత ఐదేళ్లు బతికి ఉండాలి. ఆ గడువుకు ఇంకా 14 వారాలు ఉండగా హఠాత్తుగా కన్నుమూశారు. పన్ను ఎనభై శాతం! వేల ఎకరాల భూములు అమ్మారు. హోల్బైన్ గీసిన ఎనిమిదవ హెన్రీ పెద్ద చిత్రం సహా ఎన్నో కళాఖండాలు పన్ను కింద ప్రభుత్వానికి వెళ్లాయి. బెస్ తన చివరి రోజుల్లో కట్టించుకున్న హార్డ్‌విక్ హాల్‌ను కూడా 1959లో వదులుకోక తప్పలేదు. నా దృష్టిలో చాట్స్‌వర్త్‌ను కాపాడింది వంశ గౌరవం కాదు, ఏది పోయినా ఫరవాలేదో ముందే తేల్చుకున్న లెక్క.

ప్రశ్న అడిగినవారు:
వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. అంతకుముందు ఎప్పుడూ ఏదీ వదులుకోలేదా?

రెండవ సమాధానం రాసినవారు:
వదులుకున్నారండీ. ఆరవ డ్యూక్ కోసం తోటల అధికారి పాక్స్టన్ కట్టిన మహా గాజుశాలలో ఉష్ణమండల మొక్కలు పెంచేవారు. దాని బాయిలర్లకు కావలసిన బొగ్గు సొరంగ మార్గంలో బండ్ల మీద వచ్చేది. మొదటి ప్రపంచయుద్ధంలో బొగ్గు లేక మొక్కలు చనిపోగా, 1920లో దాన్ని పేల్చి కూల్చివేశారు. ఇక యాజమాన్యం సంగతి: 1981లో ఏర్పడిన ధర్మాదాయ ట్రస్టు భవనాన్ని, తోటను దీర్ఘకాలిక లీజు మీద నడుపుతోంది. డ్యూక్ కుటుంబం తాము ఉండే గదులకు ఆ ట్రస్టుకే అద్దె కడుతుంది.