హెచ్‌డీఎల్ అంకె పెద్దదైతే గుండెకు భరోసా ఉన్నట్టేనా?

బైరాగిపట్టెడ వాసి (చర్చ మొదలుపెట్టినవారు):

విశ్వవిద్యాలయ మైదానంలో పొద్దున్నే నడిచేవాళ్ల వాట్సాప్ బృందంలో ఒక సందేశం తిరుగుతోంది. "మంచి కొలెస్ట్రాల్ 60 దాటితే చెడ్డ కొలెస్ట్రాల్ ఎంత ఉన్నా భయం లేదు, మాత్రలు అక్కర్లేదు" అని. అది చదివి ఇద్దరు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మానేశామని రాశారు. ఆ ఇద్దరికీ షుగరు ఉంది. అందుకే ఇక్కడ గట్టిగా చెబుతున్నాను: ఈ మాట తప్పు, ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

మంచి కొలెస్ట్రాల్ అంటే రిపోర్టులో కనిపించే హెచ్‌డీఎల్. ఆ అంకె పెరగడమే రక్షణ అయితే, దాన్ని మందుతో పెంచినప్పుడు గుండెపోట్లు తగ్గాలి కదా. ఫైజర్ కంపెనీ టోర్సెట్రపిబ్ అనే మందుతో ఆ ప్రయత్నమే చేసింది. పదిహేను వేల మందితో పరీక్ష. మందు వాడినవారిలో హెచ్‌డీఎల్ 72 శాతం పెరిగింది, దాంతోపాటు మరణాలూ పెరిగాయి. 2006 డిసెంబరులో పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అంకెను నమ్ముకుని మాత్ర మానేసినవారు ముందు దీనికి జవాబు చెప్పాలి.

పలమనేరు మేష్టారు:

మీ ఆందోళన సరైనదే. వాదన మాత్రం ఒక వైపుకు ఒరిగింది. టోర్సెట్రపిబ్ రక్తపోటును పెంచింది, ఆల్డోస్టిరాన్ హార్మోనును కూడా పెంచింది. ఆ మందు చేసిన కీడును తెచ్చి హెచ్‌డీఎల్ నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ ఊరివాళ్లను ఏళ్ల తరబడి గమనించినవారు, హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నవారికి గుండెజబ్బు ఎక్కువగా వస్తోందని 1977లోనే చెప్పారు. తర్వాత చాలా దేశాల్లో అదే కనిపించింది. మన దగ్గర ఐసీఎంఆర్ జరిపించిన ఇండియాబ్ సర్వేలో, కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకున్నవారిలో 72 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువగా ఉందని తేలింది. మనవాళ్లకు గుండెపోటు చిన్న వయసులోనే వస్తోందని అందరం బాధపడుతున్నాం. ఇలాంటప్పుడు ఆ అంకెను పనికిరానిదిగా కొట్టిపారేస్తే ఎలా? అన్నట్టు, అదే కోవకు చెందిన అనాసెట్రపిబ్ 2017లో గుండెపోట్ల వంటి ఘటనలను 9 శాతం తగ్గించింది. దాన్ని ఎందుకు వదిలేశారు?

బైరాగిపట్టెడ వాసి:

వదిలేయలేదు మేష్టారూ, అది నా వాదనకే బలం. అనాసెట్రపిబ్ హెచ్‌డీఎల్‌ను రెట్టింపు చేసింది. అదే సమయంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను కూడా కొంత తగ్గించింది. ఆ తగ్గుదల ఒక్కటే 9 శాతం మేలుకు సరిపోతుంది. మరి రెట్టింపైన హెచ్‌డీఎల్ ఏం చేసినట్టు?

రక్తపోటు సంగతి అంటారా, అదే కోవకు చెందిన డాల్సెట్రపిబ్‌కు టోర్సెట్రపిబ్ అంతటి దోషం లేదు. అయినా 2012లో దాని ఫలితం సున్నా. ఎవాసెట్రపిబ్‌తో హెచ్‌డీఎల్ 130 శాతం పెరిగింది, పన్నెండు వేల మందిలో ఉపయోగం కనిపించలేదు. హెచ్‌డీఎల్‌ను పెంచే మరో మందు నియాసిన్ కథ మరీ విచారకరం. పాతికవేల మందికి పైగా పాల్గొన్న పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. గుండెకు మేలు జరగకపోగా కొత్తగా షుగరు వచ్చినవారు పెరిగారు. ఇన్ని మందులకూ విడివిడిగా ఏదో ఒక దోషం అంటగట్టుకుంటూ పోవడం కంటే, మనం చూస్తున్న అంకె మీదే అనుమానం రావాలి.

చిత్తూరు ల్యాబ్:

ఇద్దరూ అంకె గురించే మాట్లాడుతున్నారు. ఆ అంకె దేన్ని కొలుస్తుందో చెబుతాను, రోజూ నా చేతుల మీదుగా జరిగే పని కాబట్టి.

పాత పద్ధతిలో సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) ఒక రసాయనం కలిపి సెంట్రిఫ్యూజ్ అనే గిరగిరా తిప్పే యంత్రంలో తిప్పితే, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) వంటివన్నీ తెల్లటి మడ్డిగా గొట్టం అడుగున చేరతాయి. పైన తేటగా మిగిలే దాంట్లో హెచ్‌డీఎల్ ఉంటుంది. ఆ తేటలో కొలెస్ట్రాల్ ఎంతుందో చూస్తాం. ఇప్పుడు యంత్రం నేరుగా చేస్తోంది కానీ, కొలిచేది అదే: హెచ్‌డీఎల్ కణాలు మోస్తున్న కొలెస్ట్రాల్. కణాలు ఎన్ని ఉన్నాయి, వాటిలో ఇంకేమున్నాయి అన్నది రిపోర్టులో ఉండదు.

కానీ ఆ కణంలో కొలెస్ట్రాల్ వాటా చిన్నది. బరువులో దాదాపు సగం ప్రొటీన్లే. అందులో 70 శాతం అపో ఏ-1, ఆ తర్వాత అపో ఏ-2. ఇవి కాక చిన్న మోతాదుల్లో పదుల రకాల ప్రొటీన్లు ఉంటాయి. కొవ్వు ఆక్సీకరణం చెందకుండా చూసే పారాక్సొనేజ్ వాటిలో ఒకటి. పైపొరలో ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులు ఉంటాయి. ఈ కూర్పు మనిషి మనిషికీ మారుతుంది, ఒకే మనిషిలో జబ్బును బట్టి కూడా మారుతుంది. ఒంట్లో వాపు ఉన్నప్పుడు సీరం అమైలాయిడ్ ఏ అనే ప్రొటీను వచ్చి అపో ఏ-1ను పక్కకు నెడుతుంది. అపో సీ-3 అనే ప్రొటీను ఉన్న హెచ్‌డీఎల్ ఎక్కువైతే గుండెజబ్బు తగ్గకపోగా పెరుగుతోందని కూడా పరిశోధనల్లో కనిపించింది. షుగరు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) ఎక్కువగా ఉన్నవారి సీరం కొన్నిసార్లు పాలు కలిపినట్టు ఉంటుంది. వాళ్ల హెచ్‌డీఎల్ కణాల్లో కొలెస్ట్రాల్ స్థానంలో ట్రైగ్లిజరైడ్లు చేరతాయి, కణాలు చిన్నవై త్వరగా ఒంట్లోంచి పోతాయి.

మేష్టారూ, మన దగ్గర హెచ్‌డీఎల్ తక్కువగా ఉండటానికి ఇది పెద్ద కారణం. అంటే ఆ తక్కువ అంకె వెనక ఉన్న ట్రైగ్లిజరైడ్లు, షుగరు, బొజ్జ మీదికి మన దృష్టి పోవాలి.

శ్రీవారి మెట్టు:

చదువుతుంటే భయమేస్తోంది. నేను నెలకోసారి శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లూ ఎక్కి తిరుమల కొండకు వెళ్తాను. ఇంట్లో గానుగ వేరుశనగ నూనె వాడతాం, దుకాణం బోర్డు మీద "మంచి కొలెస్ట్రాల్ పెంచును" అని ఉంటుంది. ఇవన్నీ వృథా అంటారా?

హృద్రోగ విభాగం పీజీ:

వృథా కాదమ్మా, మెట్లు ఎక్కడం మానకండి. వ్యాయామం వల్ల రక్తపోటు, షుగరు, ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి. హెచ్‌డీఎల్ రెండు మూడు పాయింట్లు పెరిగినా పెరగకపోయినా ఆ మేలు మీదే. వేరుశనగ నూనె డాల్డా, పామాయిల్ కంటే మంచిది. కారణం అది చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచకపోవడమే, బోర్డు మీద రాసింది కాదు. ఎంత పోస్తున్నామన్నది కూడా చూసుకోవాలి.

ఇక అసలు చర్చకు వస్తాను. కొండ మీద నుంచి దిగే బస్సులను ఊహించుకోండి. రక్తనాళాల గోడల్లో పేరుకున్న కొలెస్ట్రాల్‌ను ఎక్కించుకుని కాలేయం దగ్గర దించడం హెచ్‌డీఎల్ పని. మన రిపోర్టు ఒక క్షణంలో బస్సుల్లో ఉన్న జనాన్ని లెక్కపెడుతుంది. పొద్దుటి నుంచి ఎంతమంది కిందికి చేరారో చెప్పదు. కింద దింపుకునే ఏర్పాటే చెడిపోతే బస్సులు కిక్కిరిసి ఉంటాయి, అంకె ఘనంగా కనబడుతుంది. ఇది ఊహ కాదు. కాలేయంలో హెచ్‌డీఎల్ నుంచి కొలెస్ట్రాల్‌ను అందుకునే ఎస్ఆర్-బీ1 గ్రాహకం జన్యులోపం వల్ల పనిచేయనివారికి హెచ్‌డీఎల్ చాలా ఎక్కువ, గుండెజబ్బు ముప్పు కూడా ఎక్కువే అని 2016లో తేలింది. దీనికి పూర్తిగా తిరగబడిన ఉదాహరణ ఇటలీలోని లిమోనె గ్రామంలో ఉంది. అక్కడి కొన్ని కుటుంబాల్లో అపో ఏ-1 ప్రొటీనులో చిన్న మార్పు ఉంది. వాళ్ల హెచ్‌డీఎల్ బాగా తక్కువ, అయినా గుండెజబ్బు పెరగలేదు.

కణాల పనితీరును నేరుగా కొలిచిన పరిశోధన 2014లో అమెరికాలోని డల్లాస్ నుంచి వచ్చింది. దాదాపు 2,900 మందిలో, కణాలు కొలెస్ట్రాల్‌ను బయటికి లాగే శక్తి బాగా ఉన్న నాలుగో వంతు మందికి, తక్కువ ఉన్న నాలుగో వంతు మందితో పోలిస్తే ముప్పు 67 శాతం తక్కువ. అంకెకు మాత్రం అలాంటి సంబంధం నిలవలేదు.

అయితే కూర్పే సర్వస్వం అని ఎగిరి గంతేసేవారికి కూడా ఒక మాట. అపో ఏ-1నే శుద్ధి చేసి, గుండెపోటు వచ్చిన పద్దెనిమిది వేల మందితో జరిపిన పరీక్షలో నరంలోకి ఎక్కించారు. 2024లో ఫలితాలు వచ్చాయి: 90 రోజుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కణాల కూర్పు జబ్బు తీరును అర్థం చేసుకోవడానికి పనికొస్తోంది, చికిత్సగా ఇంకా రుజువు కాలేదు. హెచ్‌డీఎల్ ఉపరకాలు విడదీసి చూపే ఖరీదైన పరీక్షలకు డబ్బు పోయకండి. ఆ ఫలితం చూసి మీ మందు చీటీ మారదు.

పలమనేరు మేష్టారు:

పీజీ గారూ, వివరంగా చెప్పారు. అయినా నా పట్టు నాదే. హెచ్‌డీఎల్ 32 ఉన్న మనిషిని 45 ఉన్న మనిషితో సమానంగా చూడకూడదు. హెచ్‌డీఎల్ రక్షించకపోవచ్చు, హెచ్చరిస్తుంది. ముప్పు లెక్కల్లో దాన్ని ఇప్పటికీ ఉంచారంటే అందుకే. పల్లెల్లో మాకు దొరికేది మామూలు లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్తపరీక్ష) ఒక్కటే. దాంట్లోంచే ఏం చూసుకోవాలో చెప్పండి.

చిత్తూరు ల్యాబ్:

మేష్టారి మాట నాకూ సమ్మతమే. చూసుకోవడం తేలిక, తీసివేత ఒక్కటి వస్తే చాలు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. ఉదాహరణకు మొత్తం 238, హెచ్‌డీఎల్ 64 అనుకోండి. మిగిలింది 174. రక్తనాళాల గోడల్లో చేరి హాని చేయగల కణాలన్నీ మోసే కొలెస్ట్రాల్ అది. హెచ్‌డీఎల్ 64 అన్న మాట ఈ 174ను ఒక్క పాయింటు కూడా తగ్గించదు. 130 లోపు ఉంటే మంచిది. షుగరు గానీ, ఇదివరకు గుండెపోటు గానీ ఉన్నవారికి హద్దు ఇంకా తక్కువ, 100 లోపు ఉండాలంటారు. పాత రిపోర్టులు తీసి లెక్క వేసుకోండి. మానేసిన మాత్ర ఏదైనా ఉంటే ఆ కాగితం పట్టుకుని ఈ వారంలోనే మీ డాక్టరును కలవండి.