రాతిపువ్వు, శైథిల్యం, చివుకు

టపా

మా అమ్మాయి భూగోళం పాఠం చదువుతూ "జీవ శైథిల్యం అంటే ఏంటి నాన్నా?" అని అడిగింది. చెట్లూ పురుగులూ కంటికి కనబడని జీవులూ రాతిని మట్టి చేయడం అన్నాను. "శిథిలం అంటే కూలిపోయిన గుడి కదా! కొండకేంటి సంబంధం?" అంది. నాకు జవాబు తోచలేదు. ఆ మాట అక్కడికెలా వచ్చింది? తేలికైన తెలుగు మాట ఉందా?

వ్యాఖ్య

శిథిలం అంటే సంస్కృతంలో వదులైనది, పట్టు సడలినది అని అర్థం. మనం కూలిన గోడలకే అలవాటు పడ్డాం. రాయి ఉన్నచోటే ఉంటుంది, రేణువుల మధ్య పట్టు మాత్రం సడలుతుంది. అదే శైథిల్యం. వదులైనదాన్ని నీరో గాలో మోసుకుపోతే అది క్రమక్షయం. రెండింటినీ కలిపి 'కోత' అంటుంటారు, దయచేసి అలా నేర్పకండి.

వ్యాఖ్య

పాపకి వంటింట్లోంచి మొదలుపెట్టి చెప్పండి. మసాలా డబ్బాలో నల్లగా, ముడుచుకున్న ఆకుల్లా ఉండే రాతిపువ్వు తీసి చేతికివ్వండి. హైదరాబాదులో దాన్నే పత్తర్ కా ఫూల్ అంటారు. తమిళులు కల్పాసి, అంటే రాతిపాచి అన్నారు. మనం పువ్వన్నాం. నిజానికి అది పువ్వూ కాదు, పాచీ కాదు (అనాసపువ్వు కూడా కాయే కదండీ, మన వంటింటి 'పువ్వు' ఆకారాన్ని చూసి పెట్టిన పేరు). అది లైకెన్. శిలీంధ్రమూ ఆకుపచ్చ శైవలమూ (ఆల్గే) కలిసి చేసే కాపురం. 1867లో సైమన్ ష్వెండెనర్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు ఈ సంగతి చెబితే తోటి పండితులు చాలామంది ఒప్పుకోలేదు.

మసాలాలో వేసేది చెట్ల బెరడు మీదా పెరుగుతుంది. దాని చుట్టాల్లో కొన్ని మాత్రం రాతినే పట్టుకుని బతుకుతాయి. శిలీంధ్రపు పోగులు రేణువుల సందుల్లోకి దిగుతాయి. వానకి ఉబ్బి, ఎండకి ముడుచుకుని, రోజూ కాస్త కాస్త లాగుతుంటాయి. పైగా ఆక్సాలిక్ ఆమ్లం వదులుతాయి. అది రాతిలోని కాల్షియాన్నీ ఇనుమునీ పట్టి బయటికి లాగుతుంది. రాతికి అంటుకుపోయి పెరిగే రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగనివి ఎన్నో. ఆ ఓపిక తలుచుకుంటే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

వ్యాఖ్య

మా దిక్కు బాయి తవ్వితే ముందు చెల్క మట్టి, దాని కింద మొరం, ఇంకా దిగితే గట్టి రాయి తగుల్తది. పై నుంచి కిందికి చూస్తే ఒకే రాయి మూడు వయసుల్ల కనబడ్తది. గ్రానైట్‌ల ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమన్ను అయితది, క్వార్ట్జ్ అనే ఖనిజం అరగక ఇసుకై మిగుల్తది. అందుకే చెల్క గరుకుగ ఉంటది, ఇనుముతోని ఎర్రగుంటది. లైకెన్ ఒక్కటే కాదు, వేర్లూ మట్టిల సూక్ష్మజీవులూ ఊపిరి విడుస్తయి. ఆ కార్బన్ డయాక్సైడ్ నీళ్లల్ల కలిసి పులుపెక్కి లోపలి రాయిని తింటది. తెలుగు మాట కావాలంటే 'చివుకు' ఉంది. కట్టె చివికింది, గుడ్డ చివికింది అంటం కదా, రాయి చివికింది అంటే తప్పేంది?

వ్యాఖ్య

చివుకు నాకూ ఇష్టమే. కానీ గుడ్డ దానంతటదే చివుకుతుంది. ఇక్కడ ప్రాణి చేసే పని ఉంది, అది ఆ మాటలో వినిపించదు. 'జీవ' అన్నది ముందు చేర్చక తప్పదు.

టపా రాసినవారి జవాబు

అందరికీ నమస్కారాలు. ఆదివారం అమ్మాయిని ఊరి పక్క గుట్ట మీదికి తీసుకెళ్లాను. బండ మీద బూడిదరంగు మచ్చ ఒకటి వెతికి, సీసాలో నీళ్లు చిలకరించాం. చూస్తుండగానే ఆకుపచ్చకి తిరిగింది. లోపలి శైవలం అలా బయటపడుతుందట. ఇంటికొచ్చి నోట్సులో 'జీవ శైథిల్యం' కింద 'ప్రాణం చివికించిన రాయి' అని రాసుకుంది. మాటకి ప్రాణాన్ని తనే చేర్చేసింది.